డిగ్రీ తర్వాత మా గూడెం బడిలోనే టీచర్ అవ్వాలంటే?

మాది ఉట్నూర్ సైడు గోండు గూడెం, ఈ ఏడే హైదరాబాద్‌లో బీఏ చేరిన. సార్ ఇంగ్లీష్‌లో చెప్తుంటే నేను రాసుకునేలోపే బోర్డు తుడిచేస్తున్నరు. అయినా వదల్లేను, ఎందుకంటే మా పిల్లలు ఇంట్ల గోండి మాట్లాడి ఒకటో తరగతిల తెలుగు వినంగనే మూగోళ్లైపోతరు, వాళ్లకి నేనే చెప్పాలని. డిగ్రీ, బీఈడీ చేస్తే చాలా?

రిప్లై 1: చాలదమ్మా. 2023 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఒకటి నుంచి అయిదు తరగతులకి బీఈడీ చెల్లదు, డీఎడ్ (చిన్న తరగతుల టీచర్ ట్రైనింగ్ డిప్లొమా) కావాలి, దానికి ఇంటర్ మీదే డీసెట్ అనే ఎంట్రన్స్ రాయొచ్చు. టెట్ (టీచర్ అర్హత పరీక్ష) ఎలాగూ తప్పదు.

రిప్లై 2: గుంజాల గోండి లిపి నేర్చుకో చెల్లె, 2018లనే యూనికోడ్‌లకి (కంప్యూటర్లు, ఫోన్లు గుర్తుపట్టే అక్షరాల పట్టికలకి) ఎక్కింది. బోర్డు సంగతికి సీనియర్ల నోట్సు అడుగు, ఇస్తరు.

అడిగినామె: డీఎడ్ సంగతి ఎవ్వరూ చెప్పలే అన్నా! డిగ్రీ ఆపాల్నా మరి?