జొన్నపిసరా, జొన్నపిండా?

పల్నాటి ఆడపడుచు (లండన్): యాపిల్ క్రంబుల్ చేస్తున్నాను, అంటే యాపిల్ ముక్కల మీద వెన్నతో నలిపిన పిండిపొడి చల్లి బేక్ చేసేది. బ్రామ్లీ (వంటకు వాడే పుల్ల యాపిల్) ముక్కల మీద చల్లడానికి సగం మైదా, సగం జొన్నపిండి కలిపి, చల్లటి వెన్న వేసి వేళ్ల కొసలతో నలుపుతుంటే పల్నాటి జొన్నతిండి మీద శ్రీనాథుడి చాటువు నోటికొచ్చింది. ‘జొన్నకలి జొన్నయంబలి జొన్నన్నము జొన్న...’ దగ్గర ఆగిపోయాను. తాతయ్య ‘జొన్నపిండి’ అనేవారని గుర్తు, పుస్తకంలో ‘జొన్నపిసరు’ చూసినట్టూ ఉంది. ఏది? పిసరే అయితే ఈ పొడిపొడి పలుకులకు ఆ పేరే పెట్టుకుంటాను.

కందప్రియుడు: పిసరే. ‘జొన్నన్నము జొన్నపిసరు జొన్నలె తప్పన్’ అని పాదం. ఈ కందపద్యంలో ‘న్నపిసరు’ నలం (నాలుగూ లఘువులే), ఆరో గణం. చక్కగా కూర్చుంది.

నరసరావుపేట: మాస్టారూ, ‘న్నపిండి’ జగణం (లఘువు, గురువు, లఘువు). ఆరింట జగణమూ చెల్లుతుంది. యతి ‘జొన్నలె’ దగ్గర ఉంది కాబట్టి దానికీ ఇబ్బంది లేదు. గణాలతో ఇది తేలదండి.

కందప్రియుడు: అయితే అర్థం చూడండి. కలి, అంబలి, అన్నం వరసగా తినేవి చెబుతున్నాడు. మధ్యలో ఉత్త పిండి ఎందుకొస్తుంది? పిసరు అంటే ‘పిసరంత తిన్నా అదీ జొన్నే’ అని.

నరసరావుపేట: ఆ లెక్కన పిసరూ వంటకం కాదు కదా! నా ఉద్దేశంలో ఇక్కడ పిసరు అంటే కొంచెం అని కాదు, పలుకుగా విసిరిన జొన్న నూక.

తెనాలి అక్క: ‘పిసుకు’లోంచే పిసరు వచ్చిందని నా గట్టి నమ్మకం. చేతిలో పిసికితే రాలేది పిసరు.

పల్నాటి ఆడపడుచు: అక్కా, అలాగైతే క్రంబుల్‌కి ఆ పేరు నప్పదు. పిసికితే ముద్దయిపోతుంది. 200 గ్రాముల పిండికి 100 వెన్న, 100 పంచదార. వెన్న కరగకముందే నలిపి వదిలేయాలి. జొన్నలో గ్లూటెన్ లేదు కనుక సాగదు, ఇంకా బాగా పొడిపొడిలాడుతుంది.

హైదరాబాద్ నుంచి: ఇక్కడ బ్రామ్లీ దొరకదు. సిమ్లా యాపిల్ పనికొస్తుందా?

పల్నాటి ఆడపడుచు: వస్తుందండి, నిమ్మరసం పిండండి. బ్రామ్లీ బాగా పులుపు, ఉడికితే గుజ్జయిపోతుంది, అదే దాని గొప్ప. 180 డిగ్రీల్లో నలభై నిమిషాలు, అంచుల్లో రసం బుడబుడమనాలి.

మాచర్ల: అసలు శ్రీనాథుడికి మా జొన్నంటే ఎంత అక్కసండీ! ‘కుసుమాస్త్రుండైన జొన్నకూడే కుడుచున్’ అని మన్మథుడికీ తప్పించలేదు. సన్నన్నానికి అలవాటుపడ్డ నాలుక.

తెనాలి అక్క: అక్కసు కాదు తమ్ముడూ, చనువు. ఆయనదే ‘ఫుల్లసరోజనేత్ర’ పద్యం చదువు. పూతన చన్నుల చేదు తాగావు, దవాగ్ని మింగావు, ఆ గొప్ప సరే, చింతచిగురు వేసిన బచ్చలాకుతో ఒక్క జొన్నముద్ద దిగమింగు చూద్దాం అని కృష్ణుడినే నిలదీశాడు. దేవుడితో ఇంత దగ్గరగా మాట్లాడినవాడు తెలుగులో ఇంకెవరు?

మాచర్ల: పోతన లేడూ?

తెనాలి అక్క: పోతన చల్దిముద్దలో మీగడపెరుగు ఉంది. ఇక్కడ చింతచిగురు. రుచే వేరు.

కందప్రియుడు: పోతన గురించి వేరే చర్చ పెట్టండి, నేనూ వస్తాను. ముందు ఇది చెప్పండి. మాచర్ల, గురజాల వైపు పెద్దల నోట ‘పిండి’ అని ఇంకెవరైనా విన్నారా? విని ఉంటే ఆ పాదం మొత్తం రాయండి. ‘జొన్నలె తప్పన్’ దగ్గరా వాళ్లు మార్చి ఉంటే మాత్రం అది వేరే పాఠం.