రోడ్డు వైపు కిటికీల్లోంచి వచ్చే మోత తగ్గించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? (విజయవాడ)

పటమట_రెండో_అంతస్తు:
మాది బందరు రోడ్డు పక్కనే అపార్ట్‌మెంట్, అమ్మ పడుకునే గది కిటికీ సరిగ్గా రోడ్డు మీదికే ఉంది. మొన్న అమ్మకి ఆపరేషన్ అయింది, డాక్టర్ బాగా నిద్రపోవాలన్నారు, ఇక్కడేమో రాత్రి పన్నెండు దాటాక లారీలు, తెల్లవారుజామున నాలుగుకే బస్సుల హారన్లు. కళ్లు మూసుకుని అలా పడుకుని ఉంటుంది, నిద్ర మాత్రం ఉండదు, చూస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటోంది. ఉన్నది మూడు ట్రాకుల అల్యూమినియం స్లైడింగ్, కట్టినప్పటి నుంచీ అదే. షాపులో అడిగితే మొత్తం పీకేసి యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్ ఫ్రేము) డబుల్ గ్లాస్ పెట్టుకోమంటున్నారు. అంత డబ్బు పోశాక కూడా తగ్గకపోతే ఏం చెయ్యాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

బ్రాడీపేట_నాలుగో_లైను:
నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. ముందు మందపాటి కర్టెన్లు కుట్టించాను, తర్వాత ఆన్‌లైన్‌లో నల్ల ఫోమ్ షీట్లు తెప్పించి కిటికీ చుట్టూ అంటించాను. గదిలో మన మాట మారుమోగడం తగ్గింది గానీ బయటి హారన్ మాత్రం అలాగే వచ్చింది. ఫోమ్ గదిలోపల తిరిగే శబ్దాన్ని పీల్చుకుంటుందంతే, బయటి నుంచి వచ్చేదాన్ని ఆపాలంటే బరువు ఉండాలి, గాలి చొరబడే సందు ఉండకూడదు. ఈ రెండోదాన్నే మనం వదిలేస్తాం. ఫ్యాన్ ఆపేసి, కిటికీ గడియ పెట్టి, అగరొత్తి వెలిగించి అంచుల వెంట నెమ్మదిగా తిప్పండి. పొగ ఎక్కడ వంకర తిరిగితే శబ్దం కూడా అక్కడి నుంచే వస్తున్నట్టు. కర్టెన్ ఉంటే దూరంగా లాగిపెట్టుకోండి.

కిటికీల_పని_20ఏళ్లు:
పై అన్న చెప్పింది నిజం. నేను అల్యూమినియం పని చేస్తాను కాబట్టి ఇంకొంచెం చెప్తాను. స్లైడింగ్ రెక్క ట్రాకులోకి ఎక్కాలన్నా దిగాలన్నా పైన కొంత ఖాళీ వదలాల్సిందే, అందుకే అది ఎప్పటికీ పూర్తిగా బిగుసుకోదు. ఆ ఖాళీని మూయడానికే రెక్క అంచున బ్రష్‌లాంటి ఊలు పట్టీ ఉంటుంది. మీ రెక్క ఒకటి బయటికి తీసి వేలితో తడిమి చూడండి మేడమ్, పదేళ్ల కిటికీ అయితే ఆ కుచ్చు దుమ్ము పట్టి అణిగిపోయి గరుకు కాగితంలా తగులుతుంది. పాత పట్టీ లాగేసి కొత్తది దూర్చాలి, పాతదాని ముక్క పట్టుకెళ్తే అదే సైజు ఇస్తారు, ఖర్చు వందల్లోనే. రెండోది ఫ్రేముకీ గోడకీ మధ్య. బయటికి లప్పం, రంగు కనిపిస్తాయి, లోపల సిమెంటు సరిగ్గా కూరకుండా వదిలేసినవి చాలా చూశాను. అక్కడ గీకి, నింపి, పైన సిలికాన్ కొట్టించండి. కింద ట్రాకులో వాన నీళ్లు పోయే కన్నాలు మాత్రం మూసెయ్యకండి, మొదటి వానకే నీళ్లు ఇంట్లోకి వస్తాయి.

పటమట_రెండో_అంతస్తు:
ఇప్పుడే తీసి చూశాను, మీరు చెప్పినట్టే ఉంది, ఒక పక్క పట్టీయే లేదు! ఆదివారం చేయిస్తాను. డబుల్ గ్లాస్ సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

మధురానగర్_రైలు_పక్క:
మేం పెట్టించాం. హారన్, ఆటోల గోల బాగా తగ్గాయి, గూడ్స్ బండి వెళ్లేటప్పుడు వచ్చే గుబగుబ మాత్రం అనుకున్నంత తగ్గలేదు. రెండు అద్దాల మధ్య ఖాళీ సన్నగా ఉంటే అలాంటి లావు శబ్దాన్ని ఆపలేదట, అది తర్వాత తెలిసింది. రెండో గదికి పాత కిటికీ అలాగే ఉంచి, గోడ మందం తొమ్మిది అంగుళాలు ఉంది కాబట్టి లోపలి అంచున ఇంకో కిటికీ పెట్టించాం, స్లైడింగ్ కాదు, రెక్క తెరుచుకునేది, చుట్టూ రబ్బరు గాస్కెట్, లామినేటెడ్ గ్లాస్ (మధ్యలో ప్లాస్టిక్ పొర పెట్టి అతికించిన అద్దం). రెండు కిటికీల మధ్య నాలుగు అంగుళాల పైనే ఖాళీ వచ్చింది. ఈ గదే నయం, ఖర్చు కూడా తక్కువే అయింది.

గవర్నర్‌పేట_టీచర్:
మే నెలలో ఇవన్నీ బిగించి కూర్చుంటే ఉక్కకి చచ్చిపోతాం, అది కూడా చూసుకోండి. మేం రోడ్డు వైపు మూసేసి వెనక వంటగది కిటికీ తెరిచి ఉంచుతాం. పాత విండో ఏసీ కన్నానికి అట్టముక్క అడ్డం పెట్టి ఉంటే ముందు దాన్ని ఇటుకతో మూయించండి, మా ఇంట్లో సగం మోత అక్కడి నుంచే. ఇంకోటి, మైకుల గోల అయితే కిటికీతో పని లేదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లోనే ఉంది, ఇళ్లుండే చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. 112కి ఫోన్ చెయ్యండి, మేం రెండుసార్లు చేశాం, వచ్చి ఆపించారు.

పటమట_రెండో_అంతస్తు:
ఆదివారం పని అయిపోయింది. పట్టీలన్నీ కొత్తవి, ఫ్రేము చుట్టూ సిలికాన్, ఎడమ మూలన చిటికెన వేలు పట్టేంత బొక్క బయటపడింది, సిమెంటుతో నింపారు. ఒకే ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్‌తో, మంచం మీద అదే చోట పెట్టి, రాత్రి అదే టైమ్‌కి చూస్తే ముందు 62 డెసిబెల్స్ దాకా వెళ్లేది ఇప్పుడు 55 దగ్గర ఆగుతోంది. లారీ వెళ్తే ఇంకా తెలుస్తోంది, రెండు రెక్కలు కలిసే చోట కూడా కొంచెం వస్తోంది. మధురానగర్ వాళ్లు చెప్పిన లోపలి కిటికీకి కొలతలు ఇచ్చాను, వచ్చే వారం బిగిస్తారు. నిన్న రాత్రి అమ్మ అయిదున్నర దాకా లేవలేదు.