ఐఫోనా, శామ్‌సంగా? రెండూ వాడినవాళ్లు కాస్త చెప్పండి

మాది హనుమకొండ. ఎనుమాముల మార్కెట్ దగ్గర మిర్చి కమీషన్ దుకాణం. ఇప్పుడున్న ఆండ్రాయిడ్ ఫోన్‌కు అప్‌డేట్లు ఆగిపోయాయి, మధ్యాహ్నానికే చార్జింగ్ దిగిపోతోంది. ఐఫోన్ 16 తీసుకోమని మా తమ్ముడు ఒకటే పోరు. నా మనసేమో శామ్‌సంగ్ ఎస్24 వైపు ఉంది.

అప్‌డేట్ల విషయంలో నాకు పెద్ద తేడా కనిపించట్లేదు, ఎస్24కు 7 ఏళ్లు ఇస్తామని కంపెనీయే చెప్పింది. ఐఫోన్‌కు వేరే చార్జర్ కావాలనే గొడవ కూడా ఐఫోన్ 15కు టైప్-సి రావడంతో తీరింది.

నా టెన్షనంతా కాల్ రికార్డింగ్ గురించే. పొద్దున ఫోన్లో క్వింటాకు ఒక రేటు అనుకుంటాం, సాయంత్రం తూకం దగ్గరికొచ్చి "నేనట్ల అనలేదే" అంటారు. అప్పుడు వినిపించడానికి రికార్డు ఉండాలి. ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 18.1 నుంచి అందులోనూ ఆ సౌకర్యం వచ్చింది గానీ, రికార్డవుతోందని అవతలివాళ్లకు వినిపిస్తుంది. బేరం మధ్యలో ఆ గొంతు వింటే సగం మంది ఫోన్ పెట్టేస్తారు! ఎస్24లో శామ్‌సంగ్ సొంత డయలర్‌తో (కాల్ చేసే యాప్) రికార్డు చేసేవాళ్లుంటే, అందులో ఎట్లా ఉందో చెప్పండి.

ఇంకోటి, నాకు రెండు నంబర్లు. ఐఫోన్ 16లో ఒకటే సిమ్ పడుతుంది, రెండోది ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్) చేసుకోవాలి. ఫోన్ పాడైతే ఆ ఈ-సిమ్‌ను వేరే ఫోన్‌లోకి మార్చడానికి ఎంతసేపు పడుతుంది? సీజన్‌లో ఒక పూట నంబర్ పనిచేయకపోయినా మాకు కష్టమే.

వాట్సాప్‌లో రైతులు పంపిన వాయిస్ మెసేజ్‌లు బోలెడున్నాయి. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు డేటా మార్చే మూవ్ టు ఐఓఎస్ యాప్‌తో మార్చుకున్నవాళ్లకు అవన్నీ వచ్చాయా?