128 కిలోబిట్ల పాత ఫైళ్లు: పోయింది నాదంలోనా, వినే తీరులోనా?

ప్రశ్న: పాతసీడీలు

అందరికీ నమస్కారం. 2003 ప్రాంతంలో నా దగ్గరున్న సీడీలన్నింటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, సెకనుకు 128 కిలోబిట్ల ఎంపీ3 ఫైళ్లుగా మార్చుకున్నాను. అప్పట్లో హార్డ్‌డిస్క్‌లో చోటు తక్కువ కావడంతో అంతకన్నా పెద్ద ఫైళ్లు చేసుకునే ఆలోచనే రాలేదు. ఇన్నేళ్లుగా వాటినే వింటున్నాను. కొంతకాలంగా స్ట్రీమింగ్ కూడా అలవాటైంది.

గత నెలలో పాత పెట్టె ఒకటి తెరిచి, అందులోని సీడీని మొదటి పాట నుంచి చివరి పాట దాకా, మధ్యలో లేవకుండా విన్నాను. ఎంతో కాలంగా నాకు సంగీతంలో దొరకని తృప్తి ఆ గంటలో దొరికింది. అదే ఆల్బమ్ ఫైళ్లు నా ఫోన్‌లో ఉన్నాయి, వాటిని వందసార్లయినా విని ఉంటాను, కానీ ఈ అనుభూతి ఎన్నడూ కలగలేదు. అందుకని రెండు ప్రశ్నలు. ఆ ఎంపీ3 ఫైళ్లను ఇప్పుడు, ధ్వనిలో ఏదీ వదలకుండా కుదించే ఫ్లాక్‌లోకి మార్చుకుంటే పోయిన నాణ్యత తిరిగి వస్తుందా? ఒకవేళ తేడా నాణ్యతది కాకపోతే, మరి నేను పోగొట్టుకున్నది ఏమిటి?

సమాధానం 1: తరంగరేఖ

ముందుగా మొదటి ప్రశ్న. ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చినంత మాత్రాన పోయినది తిరిగి రాదు. ఫైలు బరువెక్కుతుందే తప్ప అందులో కొత్తగా ఏదీ చేరదు. సీడీలు ఇంకా మీ దగ్గరే ఉన్నాయి కనుక వాటి నుంచే నేరుగా ఫ్లాక్ ఫైళ్లు చేసుకోండి. 2001లో వచ్చిన ఈ ఫార్మాట్ ఒక్క బిట్‌నూ వదులుకోకుండానే సీడీలోని సమాచారాన్ని సుమారుగా సగానికి, లేదా మూడింట రెండు వంతులకు కుదిస్తుంది.

మీ ఫైళ్లలోంచి పోయినది ఏమిటో తెలిస్తే రెండో ప్రశ్నకూ కొంత దారి దొరుకుతుంది. ఫిలిప్స్, సోనీ సంస్థలు కలిసి రూపొందించి 1982లో మార్కెట్లోకి తెచ్చిన సీడీలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 16 బిట్లలో నమోదు చేస్తారు. మనిషి చెవికి వినిపించేది మహా అయితే 20,000 హెర్ట్జ్ దాకా. ఒక ధ్వనిని నమూనాల నుంచి తిరిగి నిర్మించాలంటే దానిలోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కన్నా ఎక్కువసార్లు కొలవాలి. 44,100 అనే సంఖ్య ఈ అవసరాన్ని తీరుస్తుంది. ఎడమ, కుడి ఛానెళ్లు రెండూ కలిపి సెకనుకు 1,411 కిలోబిట్లు అవుతాయి. మీ ఫైళ్లలో ఉన్నది అందులో పదకొండో వంతు.

మిగిలినదంతా కళ్లు మూసుకుని కోసేసింది కాదు. ఒక పెద్ద ధ్వని మోగుతున్నంతసేపు దానికి దగ్గరి పౌనఃపున్యంలో ఉన్న సన్నని ధ్వనిని మన చెవి పట్టుకోలేదు. గట్టి దెబ్బ పడిన వెంటనే వచ్చే చిన్న చప్పుడు కూడా కొన్ని మిల్లీసెకన్ల పాటు ఆ దెబ్బ నీడలోనే ఉండిపోతుంది. చెవి ఎలాగూ వదిలేసే ఆ భాగాలను తక్కువ బిట్లతో సరిపెట్టడమో, పూర్తిగా వదిలేయడమో చేస్తుంది ఎంపీ3. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో దీని మీద పనిచేసిన వారిలో ముఖ్యుడైన కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్, తన పద్ధతిని పరీక్షించడానికి అమెరికన్ గాయని సుజాన్ వేగా పాడిన ‘టామ్స్ డైనర్’ అనే పాటను పదేపదే వాడాడు. అందులో వాద్యాలు లేవు, ఒక్క గొంతే ఉంది. వాద్యాల హోరు ఉంటే లోపాలు దాని వెనుక దాక్కుంటాయి. ఒంటరి గొంతులో దాక్కోవడానికి చోటుండదు. ఆ పాట మొదట్లో ఘోరంగా వినిపించినందువల్లే ఆ పద్ధతిని ఎంతో మెరుగుపరచవలసి వచ్చింది. సంగీతాన్ని కుదించే పని మనిషి గొంతు దగ్గర పరీక్షకు నిలబడవలసి రావడం నాకు ఎప్పుడూ గొప్పగా అనిపిస్తుంది.

ఆ కుదింపు లేకపోతే ఏమయ్యేదో కూడా లెక్క వేసి చూడండి. నాలుగు నిమిషాల పాట సీడీ రూపంలో దాదాపు 42 మెగాబైట్లు. ఆ రోజుల్లో ఇంటర్నెట్‌కు వాడిన 56 కిలోబిట్ల మోడెమ్ పూర్తి వేగంతో పనిచేసినా అది దిగడానికి గంటా నలభై నిమిషాలు పట్టేది. అదే పాట 128 కిలోబిట్ల ఎంపీ3 అయితే తొమ్మిది నిమిషాల చిల్లరలో దిగేది. 1999లో, జనం ఇంటర్నెట్లో పాటల ఫైళ్లు పంచుకునే సేవ నాప్‌స్టర్ వచ్చీరాగానే లక్షల మందికి ఎందుకు చేరిందో ఈ రెండు అంకెలే చెబుతాయి.

నిజంగా మీ చెవికి తేడా తెలుస్తోందా అన్నది ఊహతో తేలదు, పరీక్షతోనే తేలుతుంది. సీడీ నుంచి చేసిన ఫ్లాక్ ఫైలును, దాని నుంచే చేసిన 128 ఎంపీ3ని తీసుకుని, ఏది ఏదో మీకు తెలియకుండా సాఫ్ట్‌వేర్ చేత 16 సార్లు వినిపించుకోండి. రెండింటి శబ్దస్థాయి ఒక్కటిగా ఉండేలా చూడండి, ఎందుకంటే కాస్త గట్టిగా వినిపించేదే మేలైనదని చెవి పొరబడుతుంది. 16లో 12 లేదా అంతకన్నా ఎక్కువ సరిగ్గా చెప్పగలిగితే అది కేవలం అదృష్టమయ్యే అవకాశం నూటికి నాలుగు కన్నా తక్కువ. స్ట్రీమింగ్‌లో వచ్చేదాన్ని మాత్రం పోలికకు వాడకండి. అదే ఆల్బమ్‌ను తరువాతెప్పుడో శబ్దం పెంచి మళ్లీ మాస్టరింగ్ (విడుదలకు ముందు చేసే తుది శబ్ద సవరణ) చేసి ఉంటే, మీరు పోలుస్తున్నది ఫార్మాట్లను కాదు, రెండు వేరువేరు మాస్టరింగులను.

సమాధానం 2: వరుసక్రమం

తరంగరేఖ గారు చెప్పిన ప్రతి మాటతోనూ ఏకీభవిస్తాను, కానీ ప్రశ్న అడిగినవారి అనుభవానికి అసలు కారణం అక్కడ లేదని నా అభిప్రాయం. ఆయన రాసిన వాక్యంలోనే జవాబు ఉంది: “మొదటి పాట నుంచి చివరి పాట దాకా, మధ్యలో లేవకుండా.”

సంగీతం ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో ప్రతి కాలంలోనూ దాన్ని మోసే వస్తువే చాలావరకు నిర్ణయించింది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డు ఒక్కో వైపు మూడు, నాలుగు నిమిషాలకు మించి పట్టేది కాదు కాబట్టి పాట ఆ కొలతకు కుదురుకుంది. 1948లో వచ్చిన ఎల్‌పీ రికార్డు ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా చోటిచ్చింది, దాంతో పాటల వరుస అనేది స్వయంగా ఒక రచనగా ఎదిగింది. ఏ పాటతో తెరవాలి, మొదటి వైపును ఏ స్వరం మీద ఆపాలి, తిప్పిన తరువాత ఎలా పలకరించాలి అని కళాకారులు తర్జనభర్జన పడేవారు. క్యాసెట్‌లోనూ పాట దాటించాలంటే టేపును ముందుకు తిప్పి, అంచనాతో ఆపి, మళ్లీ వెతుక్కోవాలి. ఆ శ్రమ కన్నా నచ్చని పాట వినడమే తేలిక. అలా ఓపికపట్టి విన్న పాటల్లో కొన్ని కాలక్రమంలో మనకు అత్యంత ఇష్టమైనవి అయ్యాయి. సీడీ వచ్చాక బటన్ నొక్కితే చాలు, కానీ పాటలు ఇంకా ఒకే పళ్లెంలో కలిసి ఉండేవి.

ఎంపీ3 ఆ బంధాన్ని తెంపింది. ఒక్కో పాట ఒక్కో ఫైలు అయింది. ఇది అలంకారానికి అంటున్న మాట కాదు, సాంకేతికంగా కూడా నిజమే. ఎంపీ3 ధ్వనిని 1,152 నమూనాల ముక్కలుగా విభజిస్తుంది. పాట చివరి ముక్క నిండకపోతే ఖాళీని నిశ్శబ్దంతో పూరిస్తుంది, మొదట్లోనూ కొంత నిశ్శబ్దం చేరుతుంది. అందుకే ఒక పాటలోంచి మరొక పాటలోకి ఆగకుండా ప్రవహించే ఆల్బమ్‌లు, కచేరీ రికార్డింగులు చాలా ప్లేయర్లలో పాట పాటకూ తుంపులు పడేవి. బీథోవెన్ ఐదో సింఫనీలో మూడో భాగం ఆగకుండా నాలుగో భాగంలోకి పొంగుతుంది. సరిగ్గా ఆ పొంగు మీద ఒక చిన్న మౌనం పడితే ఎంత బాధగా ఉంటుందో విన్నవారికే తెలుస్తుంది.

అంతకన్నా నన్ను ఎక్కువగా కలతపెట్టేది పేర్ల సంగతి. పాట వివరాలను ఫైలులోనే దాచడానికి 1996లో వచ్చిన తొలి ఐడీ3 ట్యాగ్ మొత్తం 128 బైట్లే. పాట పేరుకు 30 అక్షరాలు, కళాకారుడికి 30, ఆల్బమ్‌కు 30, సంవత్సరానికి నాలుగు, వ్యాఖ్యకు 30. రాసినవారికి గడి లేదు, స్వరపరిచినవారికి లేదు, వాయించినవారికి అసలే లేదు. సీడీ కవరులోని చిన్న పుస్తకంలో ఇన్నాళ్లూ ఉన్న మనుషులు ఒక్కసారిగా మాయమయ్యారు. తరువాతి రూపంలో స్వరకర్తకు, గీతరచయితకు గడులు ఇచ్చినా, చాలామంది వాటిని నింపలేదు, చాలా ప్లేయర్లు చూపించలేదు. ఆ పుస్తకంలో ఒక వాద్యకారుడి పేరు చదివి, అదే పేరు కోసం మరో ఆల్బమ్ వెతుక్కుని వెళ్లే దారి మనలో చాలామందికి అక్కడే మూసుకుపోయింది. స్ట్రీమింగ్ ఆ దారిని తెరవలేదు, దాని బదులు సిఫారసు అనే వేరే దారి చూపించింది. అక్కడ పాట 30 సెకన్లు మోగితే విన్నట్టే లెక్క కట్టే సేవలు ఉన్నాయి. నెమ్మదిగా విప్పారే సంగీతానికి ఆ 30 సెకన్లు చాలా తక్కువ.

సమాధానం 3: మూడోతీగ

పోయినవాటి జాబితా చదువుతుంటే, నాకు దొరికినదాని గురించి కూడా చెప్పాలనిపించింది. నేను చాలాకాలంగా తీగ వాద్యం నేర్చుకుంటున్నాను. టేపు రోజుల్లో ఒక వేగవంతమైన పంక్తిని పట్టుకోవాలంటే వేగం తగ్గించాలి. సగానికి తగ్గిస్తే శ్రుతి కూడా ఒక స్థాయి కిందికి దిగిపోయేది, గమకాలు గుర్తుపట్టలేనంత మొద్దుబారేవి. డిజిటల్ ఫైలులో వేగం ఒక్కటే తగ్గుతుంది, స్వరం ఉన్నచోటే ఉంటుంది. ఆరు సెకన్ల భాగాన్ని సగం వేగంతో వందసార్లు తిప్పి వినడం వల్ల, మహావిద్వాంసుల వేళ్లు రెండు స్వరాల మధ్య ఏం చేస్తున్నాయో మొదటిసారి నా చెవికి అందింది. అలాగే టేపు నుంచి టేపుకు కాపీ చేసినకొద్దీ బుస పెరిగేది. ఇప్పుడు నా సహాధ్యాయి చేతికి వెళ్లే కాపీ నా దగ్గరున్నదానితో అక్షరాలా సమానం. శ్రద్ధ తగ్గిందని వరుసక్రమం గారు బాధపడటంలో న్యాయం ఉంది, కానీ నా విషయంలో శ్రద్ధను ఇంతగా పెంచింది కూడా ఈ ఫైళ్లే.

పాతసీడీలు (ప్రశ్న అడిగినవారు)

అందరికీ కృతజ్ఞతలు. తరంగరేఖ గారు చెప్పిన పరీక్ష చేశాను. వాద్యాలు నిండుగా ఉన్న పాటలో 16కు 9 మాత్రమే సరిగ్గా చెప్పగలిగాను, అంటే నాకు తేడా తెలియలేదనే ఒప్పుకోవాలి. కచేరీ రికార్డింగులో చప్పట్లు వినిపించే చోట మాత్రం 16కు 14 వచ్చాయి. ఎంపీ3లో ఆ చప్పట్లు ఇసుక రాలుతున్నట్టు వినిపించాయి.

ఆ తరువాత వరుసక్రమం గారి మాట మనసులో పెట్టుకుని, అవే 128 కిలోబిట్ల ఫైళ్లను ఆల్బమ్ వరుసలో పెట్టి, ఫోన్ పక్క గదిలో ఉంచి, సీడీ పుస్తకాన్ని చేతిలో పట్టుకుని విన్నాను. ఆనాటి తృప్తిలో చాలా భాగం తిరిగి వచ్చింది. ఐదో పాటలో వేణువు వాయించినవారి పేరు ఇరవై ఏళ్ల తరువాత మళ్లీ చదివాను. ఇక సీడీలన్నింటినీ ఫ్లాక్‌లోకి మార్చాలని నిశ్చయించుకున్నాను. జాగ్రత్తలేమైనా ఉంటే చెప్పండి.

సమాధానం 4: తరంగరేఖ

చప్పట్లు దొరికిపోవడం సహజమే. అన్ని వైపుల నుంచీ క్షణక్షణానికీ కొత్తగా పుట్టే అలాంటి చప్పుళ్లను కుదించడం ఎన్‌కోడర్లకు, అంటే ఫైళ్లను కుదించే సాఫ్ట్‌వేర్లకు, చాలా కష్టం.

సీడీ చదివేటప్పుడు దోషాలను సరిచూసే సాఫ్ట్‌వేర్‌నే వాడండి. ట్యాగులు నింపేటప్పుడు పుస్తకం పక్కన పెట్టుకుని, స్వరకర్త, గీతరచయిత, వాద్యకారుల పేర్లు మీరే ఎక్కించండి. ఫ్లాక్‌లో ఎన్ని గడులైనా చేర్చుకోవచ్చు, అక్షరాల పరిమితి బాధ లేదు. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌లో వింటే ఫ్లాక్ కూడా దారిలో మళ్లీ కుదించబడుతుంది కనుక, తీరిగ్గా కూర్చుని వినే వేళకు తీగ ఉన్నవే మేలు. ఫైళ్లకు రెండో కాపీని వేరే డిస్క్‌లో తప్పక ఉంచండి. టేపు పాడైతే బుస మధ్యలో అయినా పాట వినిపించేది, డిస్క్ పాడైతే ఏమీ మిగలకపోవచ్చు.

చివరగా, శబ్దస్థాయిని సరిచేసే రీప్లేగెయిన్ అమరికలో ‘పాట’ అని కాకుండా ‘ఆల్బమ్’ అని ఎంచుకోండి. మొదటిది ప్రతి పాటనూ ఒకే స్థాయికి తెస్తుంది, దాంతో కళాకారుడు కావాలని మెల్లగా పాడిన పాట కూడా పక్కపాటంత గట్టిగా మోగుతుంది. రెండోది ఆల్బమ్ మొత్తాన్ని ఒక్కటిగా చూసి, మెల్లని పాటను మెల్లగానే ఉంచుతుంది.