సాలూరు ఘాట్ దిగేటప్పుడు టెంపరేచర్ ముల్లు పడిపోతోంది: థర్మోస్టాట్ కంపెనీదా, బయటిదా?

సాలూరు లారీ:
అందరికీ నమస్కారం. బండి టాటా 2518, పది టైర్లు, 5.9 లీటర్ల కమ్మిన్స్ ఇంజన్, బీఎస్-3 (పాత పొగ నిబంధనల నాటిది). విశాఖలో ఎరువులు ఎక్కించుకుని సాలూరు మీదుగా కోరాపుట్, జయపురం వైపు తిరుగుతుంది. తిరుగు లోడు ఏది దొరికితే అది.

లోడుతో పి.కోనవలస ఘాట్ ఎక్కేటప్పుడు ముల్లు బుద్ధిగా మధ్యలో ఉంటుంది. వచ్చేటప్పుడు పొట్టంగి, సుంకి దాటి ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగ దారి మూసి ఇంజన్‌తోనే బండిని ఆపేది) మీద దిగుతుంటే మాత్రం మెల్లగా జారి అడుగుకి పోతోంది, చలికాలం రాత్రిపూట మరీను. పొద్దున్న స్టార్ట్ చేస్తే చాలాసేపు తెల్లపొగ. డీజిల్ కూడా ముందుకంటే ఎక్కువ తాగుతోంది. గేజి తప్పు చూపిస్తోందేమోనని సెన్సర్ మార్చి చూశాం, తేడా లేదు. మా మెకానిక్ థర్మోస్టాట్, అంటే వేడిని బట్టి రేడియేటర్‌కి నీళ్ల దారి తెరిచి మూసే వాల్వ్, తెరుచుకుని బిగుసుకుపోయిందన్నాడు.

షాపులో మూడు రకాలు చూపించారు. ఒకటి బండి కంపెనీ డబ్బాలోది. రెండోది పేరున్న బ్రాండు, దాదాపు సగం ధర. మూడోది పేరూ ఊరూ లేని ప్లాస్టిక్ కవర్‌లోది, రెండు టిఫిన్ల ఖర్చుకి వచ్చేస్తుంది. మా డ్రైవర్ నన్ను అడక్కుండానే ఆ మూడోది కొనేశాడు. పైగా అసలు ఏదీ వేయొద్దంటాడు. "వాల్వ్ పీకి పారేయండి బాబూ, ఇంజన్ చల్లగా ఉంటే మంచిదే కదా" అని. వాడి మాట వినాలా, కంపెనీదే వేయాలా, మధ్యలోది చాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

నంద్యాల బండల లోడు:
మీ డ్రైవర్ చెప్పింది తప్పేమీ కాదన్నా. మా నాన్న కాలంలో పాత లేలాండ్‌కి థర్మోస్టాట్ తీసేసే నడిపేవాళ్లం. బేతంచర్ల బండల లోడు, నంద్యాల ఎండ, ఆ రెండూ కలిస్తే వాల్వ్ ఉంటే ఎంత, లేకపోతే ఎంత. వేయాలనే ఉంటే లోకల్‌దే వేయండి. ఓ స్ప్రింగు, ఓ రేకు ముక్క, అంతేగా. దానికి కంపెనీ పేరెందుకు?

బెజవాడ ఆటోనగర్ మేస్త్రి:
నంద్యాల తమ్ముడూ, పాత బండ్లలో నడిచిపోయిందని ఈ ఇంజన్‌కి కూడా అదే చెప్పకు. ఇక్కడ వ్యవహారం వేరు.

5.9 కమ్మిన్స్‌లో థర్మోస్టాట్‌కి రెండు పనులు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ దారి మూసి, నీళ్లను బైపాస్ (పక్కదారి) గుండా మళ్లీ వాటర్ పంపుకే పంపుతుంది. వేడెక్కాక రేడియేటర్ దారి తెరుస్తుంది, అదే కదలికతో అడుగున ఉన్న రెండో బిళ్ల వెళ్లి బైపాస్‌ని మూస్తుంది. మొత్తం పీకేశారనుకోండి, బైపాస్ మూసే దిక్కు ఉండదు. నీళ్లు సులువుగా ఉన్న దారే పడతాయి కాబట్టి చాలా భాగం రేడియేటర్ మొహం చూడకుండానే తిరిగి ఇంజన్‌లోకి వస్తాయి. ఖాళీ బండికి, చలిలో ఏమీ తెలియదు. ఏప్రిల్ ఎండలో ఫుల్ లోడుతో ఘాట్ మధ్యలో ముల్లు ఎర్రగీత దాటినప్పుడు తెలుస్తుంది. అప్పుడు రేడియేటర్ పూడిపోయిందనో, పంపు పోయిందనో అవన్నీ విప్పుతారు. థర్మోస్టాట్ లేకుండా నడపొద్దని ఇంజన్ తయారుచేసిన వాళ్ల మాన్యువల్లోనే ఉంది, కారణంతో సహా.

"చల్లగా ఉంటే మంచిదే" అనే మాట మా షెడ్డులో రోజూ వింటాను. డీజిల్ ఇంజన్ చల్లగా నడిస్తే డీజిల్ పూర్తిగా మండదు. మండనిది లైనర్ (పిస్టన్ ఆడే గొట్టం) గోడల మీది ఆయిల్ పొరను కడిగేసి కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పలచబడి లైనర్లు, రింగులు తొందరగా అరుగుతాయి. సాలూరు అన్న బండి తెల్లపొగ, డీజిల్ తాగుడు ఆ దారిలోవే.

ఇక ఏది వేయాలి? బండి కంపెనీ వాళ్లు థర్మోస్టాట్ తామే తయారు చేయరు. ఆ పని మీదే ఉన్న తయారీదారుల దగ్గర తమ కొలతలతో చేయించుకుని తమ డబ్బాలో పెట్టి అమ్ముతారు. అదే తయారీదారు తన సొంత డబ్బాలోనూ అమ్ముతుంటాడు. మాలే, గేట్స్ లాంటి వాళ్లు ఈ పనిలో పాతకాపులు. కాబట్టి మీ రెండో రకాన్ని 'బయటిది' అని చిన్నచూపు చూడక్కర్లేదు. పార్ట్ నంబరు మీ ఇంజన్ నంబరుతో సరిచూసుకోండి, పక్క బండికి సరిపోయిందని తెచ్చుకోవద్దు. ఈ ఇంజన్‌కి మామూలుగా 83 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలై 95కి పూర్తిగా తెరుచుకునేది వేస్తారు. ఆ మొదటి అంకె అంచు మీద కొట్టి ఉంటుంది.

పేరు లేని సరుకుతో నాకు పేచీ అడుగున ఉన్న ఆ బైపాస్ బిళ్ల దగ్గరే. పై అంచు సరిగ్గా కూర్చుంటుంది, హౌసింగ్‌లో పడుతుంది, మూత బిగుస్తుంది. లోపల బిళ్ల రెండు మిల్లీమీటర్లు పొట్టి అయితే బైపాస్ పూర్తిగా మూసుకోదు. బయటి నుంచి చూసినవాడికి ఆ సంగతి తెలిసే దారే లేదు. పాతదాన్నీ కొత్తదాన్నీ బల్ల మీద పక్కపక్కన నిలబెట్టి ఎత్తు చూడండి. రబ్బరు సీలు గోటితో నొక్కితే మెత్తగా ఉండాలి, ప్లాస్టిక్‌లా గీసుకుపోకూడదు.

జాతీయ పర్మిట్:
మాది లేలాండ్ బీఎస్-6. ఈ బండ్లు ఉన్నవాళ్లు సగం ధర లెక్క వేసుకోకండి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన ఇంజన్లలో కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) వేడిని కంప్యూటర్ నిత్యం కనిపెడుతూ ఉంటుంది. వేడి చాలకపోతే ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని డీజిల్ ఇచ్చే తీరు మారుస్తుంది, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) రీజనరేషన్, అంటే ఆ మసిని కాల్చేసే పని, మొదలుపెట్టదు. మసి పేరుకుంటుంది. తర్వాత లైటు, ఆ తర్వాత పవర్ తగ్గింపు. మాకు ఒకసారి అలా లైటు వస్తే రెండు చోట్ల డీపీఎఫ్ శుభ్రం చేయించాం, కారణం చివరికి తొందరగా తెరుచుకునే థర్మోస్టాట్. వారంటీ ఉన్నన్నాళ్లూ కంపెనీదే, బిల్లుతో.

బెజవాడ ఆటోనగర్ మేస్త్రి:
బీఎస్-6కి నాదీ అదే మాట. అక్కడ మిగిలేది వందల్లో, పోయేది వేలల్లో.

సాలూరు లారీ:
మేస్త్రి గారూ, పీకేసే ఆలోచన మానేశాను. ఒక్క సందేహం. కంపెనీ డబ్బా అని ఇచ్చిందే డూప్లికేట్ అయితే? మా వైపు అలాంటి డబ్బాలు బాగానే తిరుగుతున్నాయి. ఇంజన్‌లో వేయకముందే పరీక్షించే దారి ఉందా?

బెజవాడ ఆటోనగర్ మేస్త్రి:
ఉంది, ఇంట్లోనే చేసుకోవచ్చు. డబ్బా సంగతి ముందు. తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, ఎంఆర్‌పీ, ఫిర్యాదుల ఫోన్ నంబరు, ఇవి ప్యాకెట్ మీద ఉండాలని చట్టమే ఉంది. హోలోగ్రాం ఒక్కటే చూసి నమ్మొద్దు, వాటినీ అచ్చేస్తున్నారు. జీఎస్టీ బిల్లు అడగండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో విడిభాగాలన్నిటికీ 18 శాతమే అయింది, "బిల్లు వద్దంటే చాలా తగ్గుతుంది" అనే పాట ఇంకా పాడుతుంటే సరుకు మీద అనుమానపడాల్సిందే.

పరీక్ష ఇలా. ముందు చల్లగా ఉన్నప్పుడు వెలుతురుకి ఎత్తి పట్టండి. వాల్వ్ అంచు చుట్టూ వెలుగు కనిపించకూడదు. గాలి పోవడానికి చిన్న రంధ్రం, అందులో కదిలే పిన్ను ఉంటే ఉండొచ్చు, అది లోపం కాదు. తర్వాత వాల్వ్‌ని వేళ్లతో కాస్త నొక్కి సందులో ఒక దారం ఇరికించండి. ఆ దారంతోనే గిన్నెలో నీళ్లలో వేలాడదీయండి, అడుగుకి తగలకూడదు. పక్కన థర్మామీటరు. జ్వరం చూసేది కాదు, వంద దాటి చూపించేది కావాలి. సన్నసెగ మీద నీళ్లు కలుపుతూ వేడి చేయండి. లోపల ఉన్న మైనం కరిగి ఉబ్బి వాల్వ్‌ని నెట్టిన క్షణాన దారం వదిలేసి టపీమని గిన్నెలో పడుతుంది. ఆ క్షణం థర్మామీటరు చదవండి. అంకెకు రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అయితే పర్లేదు. నీళ్లు మరిగేదాకా ఉంచి ఎంత తెరుచుకుందో చూడండి, తీసి చల్లార్చాక పూర్తిగా మూసుకుందో లేదో కూడా. చాలామంది ఈ చివరిది వదిలేస్తారు. మీ బండి జబ్బు మూసుకోకపోవడమే కదా.

నంద్యాల బండల లోడు:
మేస్త్రి గారూ, బైపాస్ సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటా. కానీ కంపెనీవి కూడా ఏడాదికే పోతున్నాయి, దానికేమంటారు?

బెజవాడ ఆటోనగర్ మేస్త్రి:
రేడియేటర్‌లో ఏం పోస్తున్నావు తమ్ముడూ? దారిలో కనబడిన బోరు నీళ్లేనా? ఆ ఉప్పు గారలా పట్టి మైనం గుళికకి వేడి సరిగ్గా తగలనివ్వదు, రాడ్డుని కదలనివ్వదు. అలాంటి నీళ్లలో ఏ డబ్బాలోదైనా ఒకటే. రేడియేటర్‌లో కూలెంట్ పొయ్యి, దాంట్లో నీళ్లు కలపాల్సి వస్తే డిస్టిల్డ్ వాటర్ కలుపు.

సాలూరు లారీ:
పరీక్ష చేశాం. మా ఆవిడ పాల గిన్నె ఇవ్వనంది, పెయింటు డబ్బాతో కానిచ్చాం.

పాతది వెలుతురుకి పెడితేనే తేలిపోయింది, ఒక పక్క నెలవంకంత సందు. విప్పినప్పుడు లోపలంతా ఎర్రటి తుప్పు బురద, స్ప్రింగు చుట్ల మధ్య గట్టిపడి కూర్చుంది. డ్రైవర్ కొన్న లోకల్‌ది 74 దగ్గరే దారం వదిలేసింది, దాని మీద మాత్రం 83 అని చక్కగా కొట్టి ఉంది. చల్లారాక మూసుకుంది గానీ అడుగు బిళ్ల పాతదానికంటే కంటికి తెలిసేంత పొట్టి. పేరున్న బ్రాండుది 82 దాటాక పడింది, ఎత్తు పాతదానితో సమానం. అదే వేశాం. కంపెనీది కొనలేదు, ఈ బండి వయసుకి ఇది చాలనిపించింది. రెండుసార్లు మంచినీళ్లతో కడిగి కూలెంట్ నింపాం.

ఇప్పుడు దిగేటప్పుడు ముల్లు కొద్దిగా తగ్గి అక్కడే ఆగుతోంది. పొద్దున్న పొగ కూడా తొందరగా ఆగుతోంది. మైలేజీ సంగతి ఇంకొన్నాళ్లు నడిస్తే గానీ చెప్పలేను.

బెజవాడ ఆటోనగర్ మేస్త్రి:
బాగుంది. మూత దగ్గర చెమ్మ వస్తోందేమో ఒకసారి చూసుకోండి, కొత్త సీలు కుదురుకున్నాక బోల్టులు మళ్లీ సరిచూడాలి. ఆ లోకల్‌ది షాపులో తిరిగి ఇచ్చేయండి.

సాలూరు లారీ:
డ్రైవర్‌ని పంపించాను మేస్త్రి గారూ. బిల్లేదీ అని అడిగారట.