నాటక రచనలో ఎంఎఫ్ఏ: అప్పు చేసి పేరున్న స్కూలుకా, పూర్తి ఫండింగ్ ఇచ్చిన చిన్న ఊరికా?

సీమపిల్ల

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను, వయసు 28. ఆఫీసు అయ్యాక మిగిలిన టైమంతా నాటకాలకే. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాస్తాను. డిసెంబరులో అమెరికాలో నాటక రచన ఎంఎఫ్ఏకి (మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) అప్లై చేస్తే రెండు చోట్ల సీటు వచ్చింది.

ఒకటి న్యూయార్క్‌లో, అందరూ పేరు విన్న స్కూలు. రెండేళ్లు. ట్యూషన్‌లో సగం స్కాలర్‌షిప్ ఇస్తారు. అది పోగా మిగతా ట్యూషన్, ఇంటద్దె, తిండి అన్నీ కలిపి ఏడాదికి దాదాపు 65 వేల డాలర్లు నేను చూసుకోవాలి. రెండోది మిడ్‌వెస్ట్‌లో ఒక యూనివర్సిటీ టౌన్. మూడేళ్లు. ట్యూషన్ మొత్తం మాఫీ, అసిస్టెంట్‌షిప్ (యూనివర్సిటీలోనే చేసే పని) కింద 9 నెలలకి 21 వేల డాలర్లు. స్టూడెంట్ ఫీజులు మాత్రం మనమే కట్టాలి. ఆ యూనివర్సిటీ పేరు చెబితే మా నాటక గ్రూప్ డైరెక్టర్‌కే తెలియలేదు.

ఇల్లు తాకట్టు పెట్టి లోన్ తీసుకుందాం, న్యూయార్కే వెళ్లమని నాన్న అంటున్నారు. అమ్మ ఏమీ అనట్లేదు. ఏప్రిల్ 15 లోపు జవాబు చెప్పాలి. మీరైతే ఏం చేస్తారు?

వైట్‌ఫీల్డ్ వాసి

అభినందనలు అండీ. నా ఓటు న్యూయార్క్‌కే, మొహమాటం లేకుండా చెబుతున్నాను. కథలు రాసేవాళ్లు ఎక్కడ కూర్చున్నా రాసి పంపుకోవచ్చు. నాటకం అలా కుదరదు. ఎవరో ఒకరు హాలు ఇచ్చి, డబ్బు పెట్టి, నటుల్ని పిలిచి ఆడించాలి. అలాంటివాళ్లు ఎక్కువమంది ఉన్నది న్యూయార్క్‌లోనే. చివరి ఏడాది విద్యార్థుల నాటకాలు చూడటానికి థియేటర్లకి నాటకాలు ఎంచిపెట్టే లిటరరీ మేనేజర్లు, ఏజెంట్లు వస్తారు. సబ్‌వే ఎక్కితే చాలు వాళ్లకి. మిడ్‌వెస్ట్‌కి విమానం ఎక్కి ఎవరొస్తారు? పైగా అక్కడ ఏ సాయంత్రం చూసినా ఎక్కడో ఒక కొత్త నాటకం ఆడుతూనే ఉంటుంది. చూడటం కూడా చదువే కదా.

ఎంఎస్‌కి 50, 60 లక్షలు అప్పు చేసి వెళ్తే మన ఇళ్లలో ఎవరూ అడ్డు చెప్పరు. నాటకానికి అనగానే అందరికీ టెన్షన్. ఎందుకు?

టీనగర్

ఎందుకో నేను చెబుతాను. చెన్నైలో బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్లు చూసే పని నాది.

ఏడాదికి 65 వేలంటే రెండేళ్లకి లక్షా 30 వేల డాలర్లు. రూపాయల్లో కోటి దాటింది. కోటి రూపాయలు 11 శాతం వడ్డీకి, 15 ఏళ్లకి పెట్టుకుంటే ఈఎంఐ నెలకి లక్షా 13 వేల పైన. 10 ఏళ్లకైతే లక్షా 37 వేల పైన. చదువుకునే రోజుల్లో పేరుకునే వడ్డీని ఇందులో కలపలేదు. మారటోరియంలో, అంటే చదువు అయ్యేదాకా ఇచ్చే గడువులో, ఈఎంఐ ఉండదు కానీ వడ్డీ ఆగదు. విద్యా రుణం వడ్డీ మీద పన్ను మినహాయింపు ఉంది కదా అంటారు. ఉంది, 8 ఏళ్ల వరకు. అదీ పాత పన్ను విధానంలో, ఇక్కడ పన్ను కట్టేంత ఆదాయం ఉన్నవాళ్లకి.

ఇక ఎంఎస్‌తో పోలిక. కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్లకి ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ పని చేసుకునే అనుమతి, 12 నెలలు, దాని మీద స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) పొడిగింపు ఇంకో 24 నెలలు. మూడేళ్లు డాలర్లలో సంపాదించి అప్పులో పెద్ద ముక్క తీర్చేసుకుంటారు. నాటక రచన స్టెమ్ కాదు. 12 నెలలే. అదీ చదివిన సబ్జెక్టుకి సంబంధించిన పనే చేయాలి, దొరికిన పనల్లా చేస్తే కుదరదు. ఆ 12 నెలల్లో నాటకాల మీద నెలకి లక్ష పైన మిగల్చడం అమెరికాలో పుట్టి పెరిగినవాళ్లకే కష్టం. తర్వాత ఇక్కడికొచ్చి రూపాయల్లో కట్టాలి. మీ నాన్నగారు రిటైరయ్యేది ఎప్పుడో కూడా ఆలోచించమ్మా. ఆ ఇల్లు ఆయన పేరు మీద ఉంది.

ప్రాంప్టర్

అసలు రెండూ ఎందుకు తల్లీ? మల్లత్తహళ్లి కళాగ్రామలో ఎన్ఎస్‌డీ (నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా) బెంగళూరు సెంటర్ ఉంది. ఏడాది కోర్సు, దక్షిణాది వాళ్ల కోసమే, స్టైపెండ్ కూడా ఇస్తారు. కర్ణాటకలోనే హెగ్గోడులో నీనాసం నాటక శిక్షణ సంస్థ ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్‌లో పీజీ ఉంది. జేపీనగర్‌లో రంగశంకర థియేటర్ 2004 నుంచి నడుస్తోంది, వంద రకాల నాటకాలు చూడొచ్చు.

గిరీశ్ కర్నాడ్ ఆక్స్‌ఫర్డ్ వెళ్లింది నాటక రచన చదవడానికి కాదు. ‘యయాతి’ రాసింది ప్రయాణానికి సిద్ధమవుతున్న రోజుల్లో, అదీ కన్నడలో. మన దగ్గర నాటక పరిషత్తు పోటీలకి కొత్త నాటికలు రాసేవాళ్లు దొరక్క నిర్వాహకులు పాత స్క్రిప్టులే మళ్లీ మళ్లీ ఆడిస్తున్నారు. నువ్వూ వెళ్లిపోయి ఇంగ్లీషులో రాస్తే తెలుగుకి మిగిలేదెవరు?

తెరవెనక

సీమపిల్లా, నేను ఇదే చదువు అమెరికాలో పూర్తి ఫండింగ్ మీద చదివి వచ్చాను. ఇప్పుడు బెంగళూరులోనే ఉంటున్నాను. కాబట్టి కాస్త పొడుగ్గా చెబుతాను.

ముందు ప్రాంప్టర్ గారికి. మీరు చెప్పినవన్నీ మంచి సంస్థలే, కానీ అవి ముఖ్యంగా నటన, దర్శకత్వం, రంగస్థల సాంకేతికత నేర్పేవి. నాటకం రాయడమే పనిగా మూడేళ్లు కూర్చోబెట్టే కోర్సు ఆ అమ్మాయి అడుగుతోంది. ఇంకో మాట, కర్నాడ్ గారు ఆక్స్‌ఫర్డ్ వెళ్లింది రోడ్స్ స్కాలర్‌షిప్ మీద. అప్పు మీద కాదు. ఆయన ఉదాహరణ నా వాదనకే బలం.

వైట్‌ఫీల్డ్ వాసి గారూ, పేరున్న చోట డబ్బు కట్టాల్సిందే అన్నట్టు రాశారు మీరు. ఈ రంగంలో అలా లేదు. యేల్ డ్రామా స్కూలు 2021 నుంచి ట్యూషనే తీసుకోవట్లేదు, డేవిడ్ గెఫెన్ ఫౌండేషన్ 15 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ మిచెనర్ సెంటర్ మూడేళ్లూ పూర్తి ఫెలోషిప్ ఇస్తుంది. న్యూయార్క్‌లోని జూలియర్డ్ స్కూల్ నాటక రచయితల ప్రోగ్రాం డిగ్రీ కాదు, అయినా ట్యూషన్ లేదు. అంటే నాటక రచయితలకి డబ్బు పెట్టి నేర్పించే సంప్రదాయం ఆ దేశంలో గట్టిగానే ఉంది. సగం స్కాలర్‌షిప్ ఇచ్చి మిగతా కోటి నువ్వు తెచ్చుకో అన్నవాళ్లు గౌరవించారా, బేరం పెట్టారా అన్నది మీరే ఆలోచించండి.

ఇక అక్కడ అసలు దొరికేదేమిటో చెబుతాను. నటులు. అదే యూనివర్సిటీలో యాక్టింగ్ విద్యార్థులుంటారు, నువ్వు రాసిన సీను అదే వారం వాళ్ల నోట వింటావు. నా నాటకానికి రిహార్సల్ జరుగుతున్నప్పుడు తండ్రి పాత్ర వేసే కుర్రాడు రెండో అంకంలో ఒకే చోట ప్రతిసారీ నీళ్ల బాటిల్ అందుకునేవాడు. మూత తీస్తాడు, తాగడు, మళ్లీ పెడతాడు. నేను, డైరెక్టర్ అది నటనలో భాగం అనుకున్నాం. అడిగితే ఆ అబ్బాయి అన్నాడు, ఇక్కడ నేను ఎందుకు మాట్లాడుతున్నానో నాకు తెలియట్లేదండీ, చేతులకి పని కావాలి అని. ఆ పేజీన్నర డైలాగు నాకు చాలా ఇష్టం. తీసేశాను. తీసేశాక కూతురు అడిగే ప్రశ్నకి తండ్రి జవాబు చెప్పకుండా ఉండిపోయాడు, సీను నిలబడింది. ఇది పుస్తకంలో దొరకదు, బ్రాడ్‌వేలో చూసినా దొరకదు. నీ మాటలు పలికే మనుషులు వారం వారం కావాలి. కాబట్టి రెండు చోట్లా అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: మూడేళ్లలో, లేదా రెండేళ్లలో, నా నాటకాలు ఎన్ని స్టేజి ఎక్కుతాయి? స్క్రిప్టు చూసి చదివే రీడింగా, కొద్ది రిహార్సల్‌తో ఆడే వర్క్‌షాపా, సెట్టూ లైట్లూ ఉన్న పూర్తి ప్రొడక్షనా?

అలాగని ఫండింగ్ అనగానే కళ్లు మూసుకుని సంతకం పెట్టకు. ఆఫర్ లెటర్ తీసి ఒక్కో లైనూ చదువు. మూడేళ్లకీ గ్యారంటీ అని ఉందా, ఏడాదికోసారి రెన్యూవల్ అని ఉందా? ‘నిధుల లభ్యతను బట్టి’ అనే అర్థం వచ్చే మాట ఉంటే దాని గురించి విడిగా రాసి అడుగు. మా బ్యాచ్‌లో ఒకమ్మాయికి రెండో ఏడాది అసిస్టెంట్‌షిప్ సగానికి తగ్గించారు, లెటర్లో ఆ మాట ఉంది కాబట్టి ఆమె ఏమీ చేయలేకపోయింది. 9 నెలల జీతంతో 12 నెలలు బతకాలి. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద అనుమతి లేకుండా క్యాంపస్ బయట పని చేయకూడదు, క్యాంపస్‌లో కూడా క్లాసులు జరిగేటప్పుడు వారానికి 20 గంటలే. సెలవుల్లో ఫుల్‌టైమ్ చేయొచ్చు, పని ఉంటే. ఆరోగ్య బీమా ఎవరు కడతారో చూడు, చాలామంది అక్కడే దెబ్బ తింటారు. అసిస్టెంట్‌షిప్ పని ఏమిటో కూడా అడుగు. ఫస్టియర్ పిల్లలకి క్లాసు చెప్పడం ఒకటి, బాక్సాఫీసులో టికెట్లు ఇవ్వడం ఇంకొకటి. క్లాసు చెప్పిన అనుభవం రేపు ఉద్యోగానికి పనికొస్తుంది.

ఈ ప్రశ్నలు ఆఫీసుకి కాదు, ఇప్పుడు అక్కడ చదువుతున్న విద్యార్థులకి రాయి. ఇద్దరి నంబర్లు ఇమ్మంటే ప్రోగ్రాం వాళ్లే ఇస్తారు. ఇవ్వకపోతే అది కూడా ఒక జవాబే.

వైట్‌ఫీల్డ్ వాసి

తెరవెనక గారూ, నీళ్ల బాటిల్ సంగతి బాగుంది, ఒప్పుకుంటాను. కానీ యేల్, మిచెనర్ ఏడాదికి చాలా కొద్దిమందినే తీసుకుంటాయి. అవి ఆమె చేతిలో లేవు. ఆమె చేతిలో ఉన్నవి రెండే. చిన్న ఊళ్లో మూడేళ్లు బాగా రాసి, ఆ నాటకాలు అక్కడి ప్రొఫెసర్లు, విద్యార్థులు తప్ప ఎవరూ చూడకపోతే? ఓపీటీ 12 నెలలే అన్నారు. ఆ 12 నెలలు ఎవరూ తెలియని ఊళ్లో కొత్తగా మొదలుపెట్టడానికీ, రెండేళ్లుగా తెలిసిన మనుషుల మధ్య గడపడానికీ తేడా లేదా?

డబ్బు సంగతికి ఒక దారి చెబుతాను. ఇన్లాక్స్ స్కాలర్‌షిప్ ఉంది, లక్ష డాలర్ల వరకు ఇస్తారు, కళలకీ ఇస్తారు, వయసు 30 లోపు ఉండాలి. ముందు అడ్మిషన్ చేతిలో ఉండాలి, మీకుంది. అది వస్తే న్యూయార్క్ లెక్క మారిపోతుంది.

టీనగర్

వస్తే. రాని పక్షంలో? ఆ ఫలితం వచ్చేలోపు ఏప్రిల్ 15 దాటిపోతుందేమో చూసుకోవాలి. జేఎన్ టాటా ఎండోమెంట్ కూడా చాలామంది చెబుతారు, అది లోన్ స్కాలర్‌షిప్. తిరిగి కట్టాలి.

తెరవెనక

వైట్‌ఫీల్డ్ వాసి గారి ప్రశ్న న్యాయమైనదే. పరిచయాల విషయంలో న్యూయార్క్‌కి సాటి లేదు. కానీ అప్పు ఉన్నవాళ్లు ఆ పరిచయాల్ని వాడుకోలేరు. డబ్బు రాని రీడింగ్, కొన్నాళ్లు ఉండి రాసుకోవడానికి చోటిచ్చే జీతం లేని రెసిడెన్సీ, నాలుగు నెలలు కూర్చుని రాయాల్సిన రెండో నాటకం, ఇవన్నీ వదులుకుని ఈఎంఐ కట్టే ఉద్యోగానికి పోవాలి. న్యూయార్క్‌లో చదివిన నా స్నేహితులు కొందరు అలాగే పోయారు, మళ్లీ రాయలేదు. నాకు బాకీ లేదు. తిరిగొచ్చాక ఏడాదిపాటు చిన్న చిన్న పనులు చేసుకుంటూ తెలుగు నాటకం రాయగలిగాను. ప్రాంప్టర్ గారూ, మీరడిగిన దానికి కూడా ఇదే జవాబు. అప్పు లేకుండా వెళ్లినవాళ్లే తిరిగి రాగలరు.

సీమపిల్లా, ఇంకొక్కటి. న్యూయార్క్ వాళ్లకి మర్యాదగా రాసి అడుగు: నాకు వేరే చోట పూర్తి ఫండింగ్ వచ్చింది, మీ దగ్గర చదవాలని ఉంది, ఇంకేమైనా చేయగలరా అని. అక్కడ దీన్ని తప్పు పట్టరు. ఏప్రిల్ 15 గడువు కూడా విద్యార్థి కోసం పెట్టిందే. దాని మీద చాలా యూనివర్సిటీలు చేసుకున్న ఒప్పందం ఒకటి ఉంది. అందులో ఉన్నవి ఆర్థిక సహాయం ఆఫర్‌కి అంతకు ముందే జవాబు చెప్పమని బలవంతం చేయకూడదు. రెండు స్కూళ్లూ అందులో ఉన్నాయో లేదో చూసుకో.

సీమపిల్ల

అక్కా, మీరు చెప్పినట్టే రెండు చోట్లకీ రాశాను. న్యూయార్క్ వాళ్లు ఏడాదికి ఇంకో 8 వేల డాలర్లు పెంచారు. అంతకు మించి కుదరదన్నారు. ఇంకా 57 వేలు నా మీదే. మిడ్‌వెస్ట్ డైరెక్టర్ స్వయంగా జవాబిచ్చారు. చదువు సంతృప్తికరంగా ఉంటే మూడేళ్లకీ గ్యారంటీ అని కొత్త లెటర్ పంపారు. మూడో ఏడాది పూర్తి ప్రొడక్షన్, మిగతా రెండేళ్లూ వర్క్‌షాపులు. మొదటి ఏడాది బాక్సాఫీసు, తర్వాత క్లాసు చెప్పాలి. వేసవిలో పని దొరకడం కష్టమని అక్కడి అమ్మాయి ఫోన్లో దాపరికం లేకుండా చెప్పింది, నా పొదుపు అక్కడికి వాడతాను.

లెటర్ నాన్నకి చూపించాను. చాలాసేపు చదివి, తాకట్టు అక్కర్లేదంటావా అని ఒక్కటే అడిగారు. మిడ్‌వెస్ట్‌కి అవునని చెప్పేశాను. న్యూయార్క్‌కి కూడా వెంటనే రాశాను, ఆ సీటు కోసం ఇంకెవరో ఎదురుచూస్తుంటారు.

వైట్‌ఫీల్డ్ వాసి

నా అభిప్రాయం మారలేదు, కానీ మీరు సంతోషంగా వెళ్తున్నారు, అది చాలు. చికాగో దగ్గరైతే నెలకొకసారైనా బస్సెక్కి నాటకాలు చూడండి. అక్కడి థియేటర్లు న్యూయార్క్‌కి తీసిపోవు.

ప్రాంప్టర్

వెళ్లిరా తల్లీ. వెళ్లే ముందు ఒక నాటిక రాసిచ్చి వెళ్లు.

టీనగర్

ఇప్పుడు ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) సంగతి. ట్యూషన్ మాఫీ, స్టైపెండ్ రెండూ అందులో విడివిడిగా కనిపించేలా చూసుకో. మొదటి ఏడాది ఖర్చులో అవి పోగా ఎంత లోటుందో అంతకే నీ బ్యాంకు స్టేట్‌మెంట్ కావాలి. సెవిస్ ఫీజు (అమెరికా ప్రభుత్వానికి కట్టే విద్యార్థి నమోదు ఫీజు) 350 డాలర్లు వేరే. పన్ను రిటర్న్ వేసేటప్పుడు భారత్-అమెరికా పన్ను ఒప్పందం ప్రకారం మన విద్యార్థులకి స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో పన్ను పడని కొంత మొత్తం) వస్తుంది, మర్చిపోవద్దు. వీసా స్లాట్ చెన్నైలో దొరికితే కాగితాలు ముందురోజు తీసుకురా, కూర్చుని చూద్దాం.