విస్కీ పేరుతో సోడా హోర్డింగ్: వేయొచ్చా, ఆపాలా?

బెజవాడ_ఫ్లెక్స్:
మాది విజయవాడలో హోర్డింగ్ డిజైన్ పని. పోయిన వారం ఒక పార్టీ వచ్చి సోడాకి హోర్డింగ్ కావాలన్నారు. పేరు, అక్షరాలు, రంగులు అన్నీ ఒక విస్కీ బ్రాండ్‌వే, సోడా సీసా మూలన గోరంత, మిగతా అంతా గ్లాసులు, స్నేహితులు, రాత్రి పార్టీ. ఈ సోడా ఏ కొట్లో దొరుకుతుంది సార్ అని అడిగితే మాట దాటేశారు. నా లెక్క ఒక్కటే, కొట్లో దొరకని సోడాకి ప్రకటన వేస్తే అది మందు ప్రకటనే. ఇలాంటివి పూర్తిగా ఆపేయాలంటాను. మీరేమంటారు?

వరంగల్_లాయర్:
అన్నా, పూర్తిగా ఆపాలంటే నేను ఒప్పుకోను. 1994 కేబుల్ టీవీ రూల్స్‌లో 7వ రూల్ ప్రకారం మద్యాన్ని నేరుగా గానీ, చాటుగా గానీ ప్రచారం చేయకూడదు. 2009లో దాన్ని సవరించి, అదే పేరుతో ఉన్న వేరే వస్తువుకి ప్రకటన ఇవ్వొచ్చన్నారు, కాకపోతే మద్యాన్ని గుర్తుచేసే రంగులు, సన్నివేశాలు ఉండకూడదు, సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ కావాలి. అది టీవీకి. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు మాత్రం హోర్డింగ్‌తో సహా అన్ని మాధ్యమాలకీ వర్తిస్తాయి. అవి సరోగేట్ ప్రకటనలను, అంటే వేరే వస్తువు చాటున మందు లాంటివాటిని ప్రచారం చేసేవాటిని, నిషేధిస్తూనే, పేరు ఒకటైనంత మాత్రాన సరోగేట్ కాదని కూడా చెప్పాయి. లైసెన్సు తీసుకుని పన్ను కట్టే కంపెనీ నిజంగా నీళ్లో సోడానో అమ్ముకుంటే ఏ తప్పని ఆపుతాం? ఐపీఎల్‌లో బెంగళూరు జట్టు పేరు కూడా విస్కీ బ్రాండ్ నుంచే వచ్చింది, 2008 నుంచి ఆడుతూనే ఉంది.

నెల్లూరు_అక్క:
ఆ జట్టు పేరు కూడా మార్చాలనే అంటాను తమ్ముడూ. మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు, అది ఊరూరా పాకింది, 1993 అక్టోబర్ 1న సారా నిషేధం, 1995 జనవరిలో మొత్తం మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఎత్తేశారు, సరే. కానీ మా అమ్మ తరం వాళ్లు కొట్టు ముందు కూర్చుంటే కొట్టు మూతపడేది, ఈ ప్రకటన ముందు ఎక్కడ కూర్చోవాలి? మొన్న మ్యాచ్ చూస్తూ మా తొమ్మిదేళ్ల బాబు, సోడా అని వచ్చిన ప్రకటన చూసి "అది మందమ్మా" అన్నాడు. పిల్లాడికి అర్థమైంది అధికారులకు అర్థం కాదంటే నేను నమ్మను. పేరు ఒకటైతే తప్పు కాదన్న ఆ ఒక్క వాక్యం తీసేస్తే సగం బాధ పోతుంది.

వరంగల్_లాయర్:
అక్కా, బాబు మాటకి నా దగ్గర సమాధానం లేదు. అయినా వాక్యం తీసేయడం కంటే ఉన్న పరీక్షను గట్టిగా పెట్టడం మేలని నా నమ్మకం. ప్రకటనల రంగం తనకు తాను పెట్టుకున్న ఆస్కీ అనే సంస్థ నియమాల్లో, మద్యం బ్రాండ్ పేరుతో మార్కెట్లోకి వచ్చి రెండేళ్లు దాటిన వేరే వస్తువుకి ఏటా దేశమంతా కలిపి 5 కోట్లు, లేదా ఒక రాష్ట్రంలో 1 కోటి అమ్మకాలు ఉండాలి, లెక్కకి ఆడిటర్ సర్టిఫికెట్ కావాలి. ఫ్లెక్స్ అన్న చెప్పిన "కొట్లో దొరకాలి" అన్నది ఇదే కదా. ఇంకో సంగతి, జాతీయ, రాష్ట్ర రహదారుల మీద మద్యం దొరుకుతుందని చెప్పే బోర్డులన్నీ తీసేయమని సుప్రీంకోర్టు 2016 డిసెంబర్‌లోనే చెప్పింది. నీ హోర్డింగ్ ఎక్కడ పెట్టమన్నారో చూసుకో. తప్పుదోవ పట్టించే ప్రకటనకి కంపెనీకీ, అందులో నటించినవాళ్లకీ 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పడొచ్చు. ప్రచురించినవాళ్లకీ 10 లక్షల దాకా ఉంది. రోజువారీ వ్యాపారంలో భాగంగా వేశానని చెప్పుకోవచ్చు గానీ, ఆ ప్రకటన ఆపమని ఆదేశం వచ్చిందని ముందే తెలిసి వేస్తే ఆ వాదన చెల్లదు.

బెజవాడ_ఫ్లెక్స్:
10 లక్షలు అనేసరికి టెన్షన్ వచ్చింది, నిజం చెప్తున్నా. కానీ నేను ఇంకా అక్క వైపే. పేపర్ మీద 5 కోట్లు చూపించడం పెద్ద కంపెనీకి కష్టం కాదు, తన డిస్ట్రిబ్యూటర్ల చేతే కొనిపిస్తుంది, సోడా గోడౌన్‌లోనే ఉండిపోతుంది. అందుకే ఆ పార్టీకి ఫోన్ చేసి రెండు అడిగాను: ఆడిటర్ సర్టిఫికెట్, విజయవాడలో ఆ సోడా దొరికే పది కిరాణా కొట్ల పేర్లు. రేపు పంపిస్తామన్నారు. ఆరు రోజులైంది. అడ్వాన్స్ తీసుకోలేదు.